రాయచూరు శిలాచిత్రము నుండి బ్రౌజరులోని వక్రరేఖ వరకు

రాయచూరు కోట పడమటి గోడయందు 41 అడుగులకు మించిన పొడవు గల ఏకశిల యొకటి కలదు. దానిమీద శక సంవత్సరము 1216, అనగా క్రీ. శ. 1294 నాటి తెలుగు శాసనము చెక్కబడినది. ఆదవాని, తుంబళము, మానువ, హాలువ దుర్గములు వశమైన పిమ్మట ఈ కోట కట్టబడినట్లు అందు చెప్పబడినది. కాకతీయుల కాలపు గోన గన్నయరెడ్డి పేరును, విఠలనాథుని పేరును అందు కానవచ్చును. చరిత్రకారులు ఈ శాసనమును గూర్చి చాల వ్రాసియున్నారు. కాని అక్షరము రానివాడు సయితము ఆగి చూచునది దాని చెంతనున్న బొమ్మ. అంతటి రాతిని గనినుండి తెచ్చిన విధమంతయు అందు గీయబడినది. ఆకులు లేని గట్టి చక్రముల బండి, దానికి కట్టిన దున్నపోతుల పొడవైన వరుస, ముందు వానిని అదలించు తోలరి, వెనుక చక్రములను మీటుచున్న మనుష్యులు. ఏమి జరిగెనో అక్షరములు చెప్పినవి. ఎట్లు జరిగెనో బొమ్మ చెప్పినది. రెండును ఒకేచోట, ఒకే గోడపై నిలిచినవి.

గణితశాస్త్రమున ఈ రెంటికిని కుదిరిన పొత్తును, మధ్య వచ్చిన ఎడబాటును, గత ఇరువది సంవత్సరములలో మరల కుదురుచున్న పొత్తును గూర్చి కొంత చెప్పవలెనని మా తలంపు. రాయచూరు వారికి ఇది దూరపు ముచ్చట కాదు. తొమ్మిదవ శతాబ్దిలో ఈ దోఆబు నేలిన రాష్ట్రకూట అమోఘవర్షుని కాలముననే మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. ఆ రాజుల రాజధాని మాన్యఖేటము, నేటి మళఖేడు, కలబురగి జిల్లాలోనిదే. ఆ సంస్కృత గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి దించెను. మల్లన 11వ శతాబ్దివాడని పలువురి మతము. అతడు మూలమునకు దాసుడు కాలేదు. జైన ప్రసక్తులున్నచోట శైవమును నిలిపెను, లెక్కలను తనవారికి తగినట్లు మార్చుకొనెను. ఒకరి గణితమును మరియొకరు తీసికొని, తన భాషలో, తన అవసరమునకు మలచుకొను స్వేచ్ఛ మన వాఙ్మయమునకు క్రొత్తది కాదని చెప్పుటకే ఇంత వ్రాసితిమి.

కంప్యూటరుల కాలమున ఆ స్వేచ్ఛ కొంతకాలము కుంటువడినది. అక్షరములతో బీజగణితము చేయు మాక్సిమా అను సాఫ్ట్‌వేరు కథ ఇందుకు సాక్షి. దాని పూర్వరూపమగు మాక్సిమా (నాడు దానిని మాక్‌సిమా అనిరి) అమెరికాలోని ఎం.ఐ.టి. యందు 1968 ప్రాంతమున ఆరంభమయ్యెను. దాని శాఖ యొకటి వర్తక సంస్థల చేతికి పోయి క్రమముగా క్షీణించెను. మరియొక శాఖను టెక్సాసు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు విలియం షెల్టరు 1982 నుండి ఒంటరిగా కాపాడుచు వచ్చి, 1998లో దాని మూలలిపిని సర్వజనులకును విడుదల చేయుటకు అనుమతి సంపాదించెను. 2001లో ఆయన మరణించెను. ఆయన విడిచిన శాఖయే నేటికిని బ్రదికియున్నది. మూలలిపిని దాచక, చదువుటకును మార్చుటకును పంచుటకును అందరికి హక్కునిచ్చు ఇట్టి సాఫ్ట్‌వేరునే ఓపెన్ సోర్సు అనుచున్నారు.

ఐనను ఈ సాధనములలో చిత్రము చాలకాలము సవతిబిడ్డగనే యుండెను. సమీకరణమును ఒక కిటికీలో వ్రాసిన, రేఖాచిత్రము వేరొక కిటికీలో నిశ్చలముగా వెలువడును. సంఖ్య నొకదానిని మార్చదలచినచో ఆజ్ఞను మరల వ్రాయవలెను, బొమ్మను మరల గీయింపవలెను. ఆ పైన ఆ సాఫ్ట్‌వేరును ప్రతి యంత్రమునందును స్థాపింపవలసి యుండెను. చిన్న పట్టణపు కళాశాలలో ఇది ఎంత శ్రమయో అనుభవించిన ఉపాధ్యాయులకే తెలియును.

మార్పునకు దారి తీసినవారిలో విలియం స్టైను ముఖ్యుడు. ఆయన 2005లో హార్వర్డునందుండగా సేజ్ అను గణిత సాఫ్ట్‌వేరును వెలువరించెను. అదివరకే ఉన్న మాక్సిమా మొదలగు పెక్కు ఉచిత సాధనములను పైథాన్ భాష యనెడి దారముతో గ్రుచ్చి కూర్చిన హారమది. అచిరకాలముననే దానికొక నోట్‌బుక్కు ఏర్పడెను. లెక్కయంతయు ఎక్కడనో సర్వరుపై జరుగును; విద్యార్థి కెదుట నుండునది వార్తలు చదువుకొను బ్రౌజరు మాత్రమే. 2008 ప్రాంతమున ఆ నోట్‌బుక్కునకు ఇంటరాక్ట్ అను సదుపాయము చేరినది. దీనితో చిత్రము ప్రక్కన జరుపుడు పట్టీ యొకటి వెలసెను; దానిని వ్రేలితో జరిపినకొలది చిత్రము మారును.

దీని మహిమ ఎట్టిదో ఒక చిన్న ఉదాహరణము వలన తెలియును. వర్గసమీకరణమును బోధించునపుడు x² గుణకమగు a సున్న కారాదని మన పాఠ్యపుస్తకములన్నియు చెప్పును. ఎందులకు కారాదో పిల్లవానికి అంతుపట్టదు. a విలువను జరుపుడు పట్టీకి కట్టి, 1 నుండి మెల్లగా క్రిందికి జరుపుడు. పైకి తెరచుకొనిన దోసిలివంటి వక్రము వెడల్పై, చదునై, a సున్న యైన క్షణమున తిన్నని గీతగా మారిపోవును. ఋణసంఖ్యలలోనికి పోగానే బోర్లపడును. గురువు అరగంట చెప్పిన నియమమును పిల్లవాడు కంటితో చూచి తానే చెప్పును.

ఇట్టి చిత్రమును బ్రౌజరున నిలుపుటకు రెండు మార్గములు కలవు. విద్యార్థి పట్టీని జరిపినపుడెల్ల సర్వరు క్రొత్త బొమ్మను గీచి పంపుట మొదటిది. సర్వరు బిందువుల స్థానములను మాత్రము ఒకసారి పంపగా, గీయుటయు త్రిప్పుటయు బ్రౌజరే చేసికొనుట రెండవది. త్రిపరిమాణ ఉపరితలమును నూరు వరుసలుగా, వరుసకు నూరు బిందువులుగా తీసికొందము. బిందువులు 10,000. ఒక్కొక్కదానికి మూడు సంఖ్యలు, సంఖ్యకు 8 బైట్లు చొప్పున మొత్తము 2,40,000 బైట్లు. ఇది ఒక సామాన్యమైన ఫోటోకు మించదు. ఒక్కసారి చేరిన పిమ్మట విద్యార్థి ఆ ఉపరితలమును ఎటు త్రిప్పి చూచినను సర్వరును అడుగ నక్కరలేదు. మొదటి మార్గమున ఐతే, పది డిగ్రీల కొకసారి చొప్పున చుట్టు త్రిప్పి చూచుటకే 36 బొమ్మలు రావలెను. ఇంటర్నెట్టు నడుమ నడుమ తెగిపోవు ఊళ్ళలో ఏది మేలో వేరుగ చెప్పనేల?

కాని ఈ రెండవ మార్గము మొదట నమ్మకూడని నేలపై నడచినది. తొలిరోజులలో సేజ్ తన త్రిపరిమాణ చిత్రములను జేమోల్ అను సాధనము ద్వారా, జావా ఆప్లెట్ల రూపమున చూపెను. 2015లో క్రోమ్ బ్రౌజరును, 2017లో ఫైర్‌ఫాక్సును ఆప్లెట్లకు తలుపులు మూసినవి. ప్రపంచమంతట ఉపాధ్యాయులు ఏండ్ల తరబడి చేసిపెట్టుకొన్న కదిలే చిత్రములు అసంఖ్యాకముగా బూడిద రంగు పెట్టెలై మిగిలినవి. రాయచూరు గోడమీది దున్నపోతులు ఏడువందల యేండ్లు దాటియు నడచుచుండగా, ఈ చిత్రములు ఇరువదియేండ్లు నిలువలేకపోయినవి. మూలలిపి దాచబడిన వాటిని బ్రదికించుట కష్టమాయెను. జేమోల్ మాత్రము బ్రదికినది. దాని లిపి అందరి కందుబాటున నున్నందున, సెయింట్ ఓలాఫ్ కళాశాల ఆచార్యుడు రాబర్ట్ హాన్సన్ మొదలగువారు దానిని ముందుగనే జావాస్క్రిప్టు లోనికి దించి జేఎస్‌మోల్ అను రూపమిచ్చియుండిరి. మల్లన సంస్కృతము నుండి తెలుగునకు దించినట్లే ఇదియును. పిదప సేజ్ వారు త్రీ.జేఎస్ అను ఉచిత సాధనమును కూడ కైకొనిరి. నోట్‌బుక్కు స్థానమును ఫెర్నాండో పెరెజ్ 2001లో ఆరంభించిన ఐపైథాన్ నుండి 2014లో వెడలిన జుపిటర్ ఆక్రమించెను.

చిత్రమును మిక్కిలిగా నమ్మరాదని కూడ ఒక మాట చెప్పవలెను. యంత్రము గీతను గీయదు. కొన్ని బిందువులను లెక్కించి వానిని కలుపును. జ్యా వక్రమును 360 డిగ్రీల కొక బిందువు చొప్పున గీయింపుడు. ప్రతి బిందువునను విలువ సున్నయే కనుక తిన్నని గీత వచ్చును, అల మాయమగును. పది డిగ్రీల కొకటి చొప్పున అడుగుడు, అల ప్రత్యక్షమగును. ఇది సాఫ్ట్‌వేరు దోషము కాదు, అడిగినవాని అజాగ్రత్త. బిందువుల సంఖ్యను కూడ ఒక జరుపుడు పట్టీకి కట్టి విద్యార్థి చేతికిచ్చుట మంచిదని మా అభిప్రాయము. చిత్రమెట్లు అబద్ధమాడునో చూడనివానికి అది ఎప్పుడు నిజము చెప్పునో తెలియదు.

ఇక మన భాష సంగతి. పైథాన్ నందు చిత్రములు గీయుటకు అందరును వాడు సాధనము మాట్‌ప్లాట్‌లిబ్. జాన్ హంటర్ దానిని 2003లో వెలువరించెను. గొప్ప సాధనమే. కాని చాలకాలము దానికి మన వత్తుల సంగతి తెలియలేదు. అక్షమునకు పేరుగా 'సంఖ్య' అని వ్రాసినచో, యకారము ఖకారము క్రిందికి దిగక ప్రక్కన విడిగా నిలిచెడిది. తెలుగులో పేర్లు పెట్టదలచిన ఉపాధ్యాయుడు సిగ్గుపడి ఇంగ్లీషునకే మరలెడివాడు. యూనికోడునందు తెలుగునకు 1991 నుండియే చోటున్నను, సంకేతములను కూర్చి సంయుక్తాక్షరముగా మలచు పని వేరు. ఆ పనిని బ్రౌజరులు చక్కగా చేయును; ఫైర్‌ఫాక్సు, క్రోమ్ రెండును అందులకు హార్ఫ్‌బజ్ అను ఓపెన్ సోర్సు సాధనమునే వాడుచున్నవి. కావున చిత్రమును సర్వరు బొమ్మగా గీచి పంపక, గీయుపనిని బ్రౌజరునకే విడిచినచో, గీతతోబాటు తెలుగును సరిగా వచ్చును. వేగము కొరకు చేసిన ఏర్పాటు వలన మనకు అడుగకయే చేకూరిన లాభమిది. తెలుగు కన్నడముల రెంటికిని ఇదే మాట వర్తించును.

రాయచూరు వంటి జిల్లాలో ఈ లాభము స్వల్పము కాదు. 1956 వరకు గద్వాల, ఆలంపురము తాలూకాలు ఈ జిల్లాలోనివే. సరిహద్దు మారినను రెండు భాషలును ఇరువైపుల నిలిచినవి. 2019లో స్థాపితమైన రాయచూరు ఐ.ఐ.ఐ.టి. తన తొలి తరగతులను తెలంగాణములోని కంది యందు, హైదరాబాదు ఐ.ఐ.టి. ఆవరణముననే నడిపినది. ముంబయి ఐ.ఐ.టి. వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు తెలుగునను కన్నడమునను వెలువడినవి. ఆ సంస్థయందలి ఫాసీ పథకమువారు సైలాబ్ అను గణిత సాఫ్ట్‌వేరును బ్రౌజరులోనే నడుపుకొను ఏర్పాటు కూడ చేసిరి.

మేము కూడ ఇటీవల ఒక చిన్న ప్రయోగము చేసితిమి. కోటగోడలోని ఆ శిలనే తీసికొంటిమి. పొడవు 12.5 మీటర్లు, ఎత్తు ఒక మీటరు, నల్లరాతి సాంద్రత నీటికి 2.7 రెట్లు అని లెక్కకు పెట్టుకొంటిమి. గోడలో ఇమిడిన మందము కంటికి కనబడదు గనుక దానిని ఒక జరుపుడు పట్టీకిని, దారి వాలును మరియొక పట్టీకిని అప్పగించితిమి. మందము అరమీటరైన రాయి సుమారు 17 టన్నులు తూగును. ఐదు డిగ్రీల ఎత్తుపై చక్రముల రాపిడి లెక్కింపకయే దానిని ఆపి పట్టుటకు టన్నున్నర బలము కావలెను. దున్నపోతు విడువక లాగగల బలము తన బరువులో పదియవ వంతు, అనగా 50 కిలోలు, అనుకొన్నచో దాదాపు 30 దున్నలు కావలెను. మందమును ఒక మీటరునకు జరుపగా చిత్రములోని గీత పైకి లేచి 60ని తాకబోయెను. గోడమీద చెక్కినవాడు వరుసను అంత పొడవుగా ఎందుకు చూపెనో మాకు అప్పుడు తెలిసినది. చిత్రపు నిలువు అక్షము ప్రక్కన 'దున్నల సంఖ్య' అని వ్రాసితిమి. నకారపు వత్తును యకారపు వత్తును తమ తమ చోట్ల కుదురుగ నిలిచినవి.