మోకాలి ఆపరేషన్ తర్వాత సన్నబడిన తొడకు మళ్లీ బలం

మోకాట్లో ఏసీఎల్ లిగమెంటు తెగి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల ధ్యాసంతా మోకాలి మీదే ఉంటుంది. నెలల తరబడి పని పెట్టేది మాత్రం తొడ ముందు కండరం, క్వాడ్రిసెప్స్. బ్యాడ్మింటన్ ఆడుతూ నా లిగమెంటు తెగింది. ఆపరేషన్ అయి పది నెలలైంది. బెడోక్‌లో నేను బలం తెచ్చుకున్న తీరు ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మూడో వారంలో టైలర్ టేపుతో కొలిస్తే ఆ తొడ రెండోదానికంటే 3 సెంటీమీటర్లు సన్నంగా ఉంది. కదలక తగ్గిందనుకుంటాం కానీ అదొక్కటే కారణం కాదు. మోకాట్లో వాపు ఉన్నంతకాలం అక్కడి నరాల సంకేతాల వల్ల ఆ కండరానికి వెళ్లే ఆజ్ఞలు తగ్గిపోతాయి. మనం బిగించాలనుకున్నా కండరం పలకదు. అందుకే మొదట్లో ఐస్ పెట్టడం, కాలు ఎత్తులో ఉంచడం కూడా వ్యాయామమంత ముఖ్యం. కొబ్బరినూనె మర్దనా హాయిగానే ఉంటుంది, కండ మాత్రం పెంచదు.

కాలు పూర్తిగా చాపగలగడం తొలి లక్ష్యం. "మోకాలి కింద దిండు పెట్టుకోవే" అని అమ్మ రోజూ ఫోన్లో చెప్పేది. హాయిగా ఉంటుంది నిజమే, కానీ అలా వదిలేస్తే కాలు వంగి బిగుసుకుపోతుంది. చుట్టిన తువ్వాలు మడమ కింద పెట్టాలి. తర్వాత తొడ బిగించి ఐదు సెకన్లు ఆపడం, మోకాలు వంగకుండా కాలు పైకెత్తడం. ఎత్తేటప్పుడు మోకాలు కొంచెం వంగుతోందంటే కండరం ఇంకా లేవలేదన్నమాట.

నడక కుదిరాక మనకు తెలియకుండానే మంచి కాలు పని దొంగిలిస్తుంది. ఇంట్లో బరువు చూసే మిషన్లు రెండు పక్కపక్కన పెట్టి, చెరో పాదం వాటి మీద ఉంచి కుర్చీలోంచి లేచి చూడండి. నాకు ఆపరేషన్ కాలి వైపు మూడో వంతు బరువే పడింది. అందుకే ఒంటికాలి వ్యాయామాలు తప్పవు. నేను మా బ్లాక్ మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కడంతో మొదలుపెట్టి, హార్ట్‌బీట్ బెడోక్‌లోని యాక్టివ్‌ఎస్‌జీ జిమ్‌లో లెగ్ ప్రెస్‌కి వచ్చాను. బరువు వారం వారం కొద్దిగా పెరగాలి. అదే బరువు నెలల తరబడి ఎత్తితే కండ పెరగదు. బెడోక్ రిజర్వాయర్ చుట్టూ నడక మనసుకు మంచిది, కానీ నడక ఒక్కదానితో తొడ రాదు.

నొప్పి తగ్గగానే తొందరపడొద్దు. అమర్చిన కొత్త లిగమెంటు మొదటి కొన్ని నెలల్లో, శరీరం దాన్ని తనలో కలుపుకునే దశలో, బలహీనంగా ఉంటుంది. లెగ్ ఎక్స్‌టెన్షన్ మిషన్ ఎప్పుడు, ఎంత కోణంలో చేయాలో ఫిజియోనే చెప్పాలి. మెనిస్కస్‌కి కూడా కుట్లు పడితే లెక్కలన్నీ వేరు.

తిండి సంగతి. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. కానీ మన పళ్లెంలో పూటకి పడేది 30 గ్రాముల పప్పే. నేను పెసరట్టు, పెరుగు, గుడ్లు, ఇక్కడ చవకగా దొరికే తౌక్వా కలిపాను. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్నడిగి తినాలి.

ఆటకి ఎప్పుడు వెళ్లాలి? 2016లో వచ్చిన నార్వే పరిశోధనలో, తొమ్మిది నెలల దాకా ఆగినవాళ్లకు మళ్లీ దెబ్బతగలడం బాగా తగ్గిందని తేలింది. రెండో కాలి బలంలో కనీసం 90 శాతం ఉండాలన్నది సాధారణంగా పెట్టుకునే గీటురాయి. మన పుల్లెల గోపీచంద్ మోకాలి ఆపరేషన్లు దాటి 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. అయితే ఆయన మోకాలు కోలుకోవడానికి ఏళ్లు పట్టిందని మర్చిపోకూడదు. నాకు తొమ్మిదో నెల పరీక్షలో 86 శాతం వచ్చింది. రాకెట్ ఇంకా అలమరాలోనే ఉంది.

ఆపరేషన్ అయిన కొత్తలో ఇండియా ప్రయాణం పెట్టుకుంటే ముందు సర్జన్‌ని అడగండి, కదలకుండా కూర్చుంటే కాలిలో రక్తం గడ్డకట్టవచ్చు. పిక్కలో నొప్పి, వాపు, జ్వరం, ఊపిరాడకపోవడం, వీటిలో ఏది కనిపించినా వ్యాయామం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.