పిలవకుండా తాగిన సోమం

మాది మురమళ్ళ. వృద్ధగౌతమి ఒడ్డున వీరేశ్వరుడికీ భద్రకాళికీ నిత్యకల్యాణం జరిగే ఊరు. దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేసిన వీరభద్రుడి కోపం ఎంతకీ చల్లారకపోతే, భద్రకాళి కన్యగా ఎదురొచ్చి శాంతింపజేసిందని మా స్థలపురాణం. పిలవాల్సినవాణ్ణి పిలవనందుకు చెడిన యజ్ఞం అది.

మా మేనకోడలు మెల్‌బోర్న్‌లో మానసిక వైద్యశాల నర్సు. "మావయ్యా, మన సోమరసం కూడా ఈ సైకెడెలిక్ మందుల్లాంటిదేనట కదా" అని ఆమధ్య ఫోనులో అడిగింది. 2023 జూలై 1 నుంచి ఆస్ట్రేలియాలో, ఏ మందుకూ లొంగని కుంగుబాటుకు కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సిలోసైబిన్, ఘోరాలు చూసి మనసు చెదిరినవారికి ఎండీఎంఏ ఇవ్వడానికి అనుమతి పొందిన సైకియాట్రిస్టులకు వీలు కల్పించారు.

సోమం ఒక పుట్టగొడుగని 1968లో పుస్తకం రాసినవాడు గోర్డన్ వాసన్ అనే అమెరికన్ బ్యాంకరు. అంతకుముందు మెక్సికోలో మరియా సబీనా అనే వైద్యురాలి దగ్గర పుట్టగొడుగులు తిని, 1957లో లైఫ్ పత్రికలో రాశాడు. రోగం కుదర్చడానికి రాత్రంతా జాగారం చేసే ఆవిడ ఊరికి వినోదం కోసం జనం వచ్చిపడ్డారు. చివరికి ఎవరో ఆవిడ ఇల్లు తగలబెట్టారు.

సోమమంటే ఏమిటో పండితులు తేల్చుకోలేదు. మా కోనసీమ ఆహితాగ్నులు, అంటే ఇంట్లో వైదికాగ్నులు నిలుపుకునేవారు, మాత్రం సోమయాగాన్ని విడవలేదు. అమెరికన్ పండితుడు డేవిడ్ నైప్ ఇక్కడి పది వైదిక కుటుంబాల నాలుగు తరాల జీవితాన్ని 2015లో పుస్తకంగా తెచ్చాడు. చిన్నప్పుడు నాన్న వెంట వెళ్ళి నేనూ ఒక యాగం చూశాను. ఇక్కడ వాడేది సోమలత, ఆకుల్లేని తీగ, తుంచితే పాలు కారుతుంది. భ్రాంతి కలిగించే గుణం దానికి లేదు. అసలు మొక్క దొరకకపోతే ఏం వాడాలో శతపథ బ్రాహ్మణమే చెప్పింది. మొక్క మారినా తంతు మారలేదు: యజమాని దంపతుల దీక్ష, పదహారుమంది ఋత్విక్కులు, మూడు పూటలా సోమం పిండే సవనం. తాగేవాడు తోటివారి అనుమతి అడిగి, వాళ్ళు పిలిచాకే పాత్ర నోటికెత్తాలి.

అలా తాగనివాడి గతీ చెప్పారు. ఇంద్రుడు తన కొడుకు విశ్వరూపుణ్ణి చంపాడని త్వష్ట అతణ్ణి పిలవకుండా సోమం పిండాడు. ఇంద్రుడు బలవంతాన తాగేశాడు. ఆ సోమం అతడి ఒంట్లో ఇమడలేదు, సత్తువంతా కారిపోయింది. అశ్వినులూ సరస్వతీ వైద్యం చేస్తే గాని లేవలేదు. సోమం వికటించినవాడి కోసం చేసే సౌత్రామణి యాగం వెనక ఉన్న కథ ఇదే. సోమాన్ని అంతగా కొలిచినవాళ్ళే దాని ప్రమాదాన్నీ దాచలేదు. అందుకే వాళ్ళ మాట మీద నాకు గురి.

ఇప్పటి మందులకూ ఆ ప్రమాదం ఉంది. కెనడాలో ఎండీఎంఏ ప్రయోగంలో పాల్గొన్న ఒక మహిళ పట్ల చికిత్సకులే హద్దు మీరారు. దానితో ముడిపడిన పరిశోధన పత్రాలను, వాటిని ప్రచురించిన పత్రికే 2024లో ఉపసంహరించుకుంది. అదే ఏడాది ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందుకు ఆమోదం నిరాకరించి, మరో పరీక్ష చేసి రమ్మంది. మన దేశంలో సిలోసైబిన్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందే ఉంది. దాన్ని ఇంటర్నెట్‌లో తెప్పించుకుని ఒంటరిగా మింగే కుర్రాళ్ళ గురించి విన్నప్పుడల్లా నాకు ఇంద్రుడే గుర్తొస్తాడు.

"ఆ గదిలో రోగి దగ్గర ఎవరుంటారమ్మా?" అని మేనకోడల్ని అడిగాను. శిక్షణ పొందిన ఇద్దరు పగలంతా పక్కనే కూర్చుంటారనీ, ముందూ వెనకా చాలాసార్లు మాట్లాడతారనీ చెప్పింది. అందుకే ఒక్కొక్కరికి వేల డాలర్లు అవుతోందట. ఖర్చు తగ్గించాలని రేపెవరైనా ఆ ఇద్దర్నీ తీసేసి మాత్ర ఒక్కటే ఉంచుతారేమోనన్నదే నా భయం.