అమల్ కుమార్ రాయ్‌చౌధురి: విశ్వారంభ సమస్య

1920వ సంవత్సరమున కలకత్తా విశ్వవిద్యాలయము ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. ఐన్‌స్టైన్, మింకోవ్‌స్కీలు జర్మను భాషలో వ్రాసిన సాపేక్షతా వ్యాసములకు అది ఆంగ్లానువాదము. అనువదించినవారు మేఘనాద సాహా, సత్యేంద్రనాథ బోసు అను ఇద్దరు యువకులు. చారిత్రకమైన పీఠికను సమకూర్చినవాడు ప్రశాంతచంద్ర మహలనోబిస్. ఆ ముగ్గురిలో ఎవరికిని అప్పటికి ముప్పది యేండ్లు నిండలేదు. సాధారణ సాపేక్షతా సిద్ధాంతము 1915లో పూర్తియైనది; ఐదేండ్లకే అది వంగదేశపు విద్యార్థుల బల్లలమీదికి వచ్చినది. వచ్చిన త్రోవ అనువాదము. భాషాంతరీకరణమునే పనిగా పెట్టుకొన్నవాడను కనుక ఈ సంగతి తలపునకు వచ్చినప్పుడెల్ల నాకొకింత గర్వము కలుగుచుండును. ఇచ్చట చెప్పబోవు కథకు ఆ గ్రంథము నాంది మాత్రమే. ఆ అనువాదకులలో ఒకరి పేరు ఇందులో మరల, కొంత విచిత్రమైన సందర్భమున, రాగలదు.

ఆ గ్రంథము వెలువడిన మూడేండ్లకు, 1923 సెప్టెంబరు 14వ తేదీన, తూర్పు వంగమునందలి బారిసాల్‌లో అమల్ కుమార్ రాయ్‌చౌధురి జన్మించెను. బారిసాల్ నేడు బంగ్లాదేశమున నున్నది. తండ్రి సురేశచంద్రుడు కలకత్తాలో ఒక పాఠశాలయందు గణితోపాధ్యాయుడు. కుమారునికి గణితాభిరుచి ఆయననుండియే సంక్రమించినది. అయినను కళాశాలలో చేరు వేళకు, గణితమును ప్రధానవిషయముగా తీసికొనవలదను సలహా వచ్చెను. గణితము చదివి తండ్రి వృత్తిలో అంతగా రాణింపలేదనుటయే కారణము. మన మధ్యతరగతి ఇండ్లలో ఇట్టి లెక్కలు నేటికిని వేయబడుచునే యున్నవి. కావున బాలుడు భౌతికశాస్త్రము చదివెను: 1942లో ప్రెసిడెన్సీ కళాశాలనుండి బి.ఎస్‌సి., 1944లో కలకత్తా విశ్వవిద్యాలయమునుండి ఎం.ఎస్‌సి. ఈ రెండు పట్టములకును నడుమ కలకత్తాపై జపాను బాంబులు పడినవి. 1943 నాటి కరవున పల్లెలనుండి తరలివచ్చిన జనము నగరవీథులలో ప్రాణములు విడిచిరి. విశ్వముయొక్క ఆద్యంతములను విచారించుటకు అనువైన కాలముగా అది ఎవరికిని తోచదు.

1945లో రాయ్‌చౌధురి ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అను సంస్థలో పరిశోధక విద్యార్థిగా చేరెను. 1876లో వైద్యుడు మహేంద్రలాల్ సర్కారు నెలకొల్పిన సంస్థ అది. 1928లో రామన్ తన పేరిట ప్రసిద్ధమైన ఫలితమును కనుగొన్నదియు అచ్చటనే. అంతటి ఖ్యాతిగల ప్రయోగశాలలో ఈ యువకుడు నాలుగేండ్లు పనిచేసెను. ఫలితము శూన్యము. పరికరములకును ఆయన చేతికిని పొత్తు కుదురలేదు. వైఫల్యములు గణింపబడని జీవితచరిత్రలు నాకు రుచింపవు. ఈ నాలుగేండ్లును లేకున్నచో తరువాతి కథ నడువదని నా నమ్మకము. గణితమునుండి ఇంటివారు మరల్చిన మనిషిని ప్రయోగశాల తిరిగి గణితమువైపునకే త్రోసినది.

పిమ్మట ఆశుతోష్ కళాశాలలో తాత్కాలికముగా ఉపన్యాసకుడుగా నున్న కాలమున ఆయనకు నిఖిలరంజన సేన్‌గారి సాహచర్యము లభించెను. సేన్ బెర్లినులో ఫాన్ లావే అనువానియొద్ద పరిశోధన చేసివచ్చిన పండితుడు; కలకత్తాలో సాపేక్షతాశాస్త్రమునకు ఆచార్యస్థానము. ఆయన శిష్యులలో ఒకడైన బి. దత్ 1938లోనే, పెద్ద ధూళిగోళము తన బరువునకు తానే లోనికి కుదించుకొనిపోవు విధమును లెక్కగట్టెను. ఓపెన్‌హైమర్, స్నైడరుల సుప్రసిద్ధ వ్యాసము మరుసటి సంవత్సరముగాని రాలేదు. దత్ అల్పాయుష్కుడు. ఆ పేరును ఇప్పుడు నిపుణులు తప్ప తలచువారు లేరు. రాయ్‌చౌధురి ఒంటరిగా ఎక్కడినుండియో ఊడిపడినవాడు కాడని చెప్పుటకే ఈ ప్రస్తావన.

ఇక సమస్య యేమో చూతము. 1917లో ఐన్‌స్టైన్ తన సమీకరణములను సమస్త విశ్వమునకును అన్వయించి, విశ్వము నిశ్చలమని భావించెను. 1922లో రష్యనుడు ఫ్రీడ్‌మన్, 1927లో బెల్జియము మతాచార్యుడు లెమాత్ర్ అది వ్యాకోచింపవలెనని చూపిరి. 1929లో హబుల్ దూరపు నక్షత్రమండలములు మననుండి తొలగిపోవుచున్నవని పరిశీలనమున నిర్ధారించెను. వ్యాకోచించుచున్నదానిని వెనుకకు నడిపించి లెక్కించినచో ఏమగును? పరిమితమైన కాలమునకు పూర్వము సమస్త ద్రవ్యమును ఒక్కచోట చేరును, సాంద్రత అనంతమగును, గణితము చేతులెత్తివేయును.

ఇచ్చట పెద్దలకు ఒక సందేహము. ఫ్రీడ్‌మన్ విశ్వము అన్ని దిక్కుల ఒకేతీరుగా, అన్నిచోట్ల సమానముగా నుండునని భావించి లెక్క తేలిక చేసికొనెను. ఒక మైదానము నడుమనున్న రావిచెట్టువైపునకు నలుదిక్కులనుండి జనులు సరిసమానవేగముతో నడచినచో అందరును ఒక్కసారి చెట్టుమొదట ఢీకొందురు. ఒక్కొక్కడును కొంచెము ప్రక్కకు తప్పి నడచెనేని గుంపు దగ్గరకు వచ్చి, ఒకరినొకరు దాటి, మరల విడిపోవును. విశ్వారంభమున కనబడు ఈ అనంతసాంద్రత కూడ అతిసౌష్ఠవమును ఊహించిన ఫలమే కావచ్చునుగదా! ఐన్‌స్టైన్‌కే ఈ అనుమానముండెను. దీనికి తోడు, ఆనాటి కొలతల ప్రకారము విశ్వమునకు సుమారు 200 కోట్ల యేండ్ల వయస్సే వచ్చుచుండెను. భూమిమీది శిలలు అంతకంటె ప్రాచీనములు. బిడ్డకంటె తల్లి చిన్నదైనది. 1949లో గోడెల్ భ్రమించు విశ్వమొకటి గణితరీత్యా సాధ్యమని చూపగా, అందు అట్టి ఆరంభమే లేదు. సౌష్ఠవమును సడలించినచో చిక్కు విడిపోవునేమో యను ఆశ బలపడెను.

రాయ్‌చౌధురి ఈ ప్రశ్ననే పట్టుకొనెను. కాని 1952లో ఆయనకు దొరకిన ఉద్యోగము మరల ఆ పూర్వపు సంస్థలోనే. అచ్చట ఆయనకు నిర్దేశింపబడిన పని లోహముల గుణములను గూర్చినది, సాపేక్షత కాదు. 1953నుండి 1956లో మరణించువరకు ఆ సంస్థకు నిర్దేశకుడుగా నున్నవాడు మేఘనాద సాహా. ఐన్‌స్టైన్‌ను కలకత్తాకు తెచ్చిన అనువాదకులలో ఒకడు! చరిత్ర ఇట్టి మలుపులను తరచుగా చూపును. అయినను ఇందు ఒకరిని దోషిగా నిలుపుట నాకిష్టము లేదు. కొత్తగా స్వతంత్రమైన బీదదేశము. ఆనకట్టలు, ఉక్కు, విద్యుత్తు కావలసిన కాలము. ధనమునకు లెక్కచెప్పవలసిన సంస్థ. అట్టిచోట విశ్వముయొక్క పుట్టుకను గూర్చి ఆలోచింతునన్నవానిని, ముందు లోహముల సంగతి చూడుమనుట అన్యాయమనిపించవచ్చునుగాని అర్థముకానిది కాదు. ఆయన లోహముల పని చేసెను. మిగిలిన కాలమున, తనకు తానే గురువై, విశ్వమును గూర్చి లెక్కవేసెను.

ఆ లెక్క ఫలితము సామాన్యపాఠకునకును అందనిది కాదు. కళ్ళములో తూర్పారబట్టునప్పుడు గాలిలోనికి లేచిన చేటెడు గింజలను ఊహింపుడు. ఆ గింజల గుంపు ఆక్రమించిన చోటు క్షణక్షణము మారుచుండును. గుంపు పెరుగు వేగము ఎట్లు మారును? నాలుగు కారణములు. గుంపు వ్యాకోచించుటయో సంకోచించుటయో యనునదియే మొదటిది. గుంపు ఆకారము వంకరపోవుట, అనగా గుండ్రనిది కోలగా సాగుట, రెండవది. గుంపు సుడితిరుగుట మూడవది. గుంపునందలి ద్రవ్యముయొక్క ఆకర్షణ నాలుగవది. రాయ్‌చౌధురి ఏ సౌష్ఠవమును ముందుగా ఊహింపక, ఐన్‌స్టైన్ సమీకరణములనుండి ఈ నాలుగింటి సంబంధమును ఒక్క పంక్తిలో నిలిపెను. అందు మూడు పదములు ఒకే పక్షమున నున్నవి. అవి వ్యాకోచమును మందగింపజేయునవి, సంకోచమును త్వరపెట్టునవి. ఎదురునిలుచునది సుడి యొక్కటే.

ఇందు ఆశ్చర్యమేమనగా, వంకర సహాయపడును అనుకొన్నది సహాయపడక పోగా పని చెరుపుచున్నది. రావిచెట్టువైపు నడచు జనులు త్రోవ తప్పుటవలన చెట్టును తప్పించుకొందురని తలచితిమి. గురుత్వాకర్షణ లోకమున సుడిలేని వంకర వారిని మరింత త్వరగా దగ్గరకు చేర్చును. దూరములు ఇప్పుడు పెరుగుచున్న వేగము తెలిసినచో, భ్రమణములేని విశ్వముయొక్క వయస్సునకు ఒక పైహద్దు ఏర్పడును. సౌష్ఠవము లోపించినకొలది ఆ వయస్సు తగ్గునేగాని పెరుగదు. భ్రమణమును తీసికొనిరాక, సౌష్ఠవమును మాత్రమే విడిచినంతమాత్రమున ఏ చిక్కును విడిపోదు. ఆయన వ్యాసముయొక్క సారము ఇదియే.

గణితము చేతులెత్తివేయు ఆ చోటును ఆంగ్లమున సింగ్యులారిటి యందురు. దీనికి మాటకై నేను చాల వెదకితిని. హిందీలో కొందరు ‘విలక్షణత’ యని వాడుచున్నారు. ఆ మాట తెలుగులోనికి తెచ్చినచో ప్రశంసవలె ధ్వనించును. విలక్షణమైన కవి, విలక్షణమైన శైలి యని మనము మెచ్చుకొందుము. లెక్క చెడిన చోటును మెచ్చుకొనుట తగదు. కావున ఆంగ్లపదమునే ఉంచితిని.

వ్యాసము 1955లో అమెరికా పత్రిక ఫిజికల్ రివ్యూలో అచ్చుపడెను. అప్పటికి ఆయనకు ముప్పదియొక్క యేండ్లు. స్వదేశమున దాదాపు ఎవరును గమనింపలేదు. జర్మనీలో హాంబుర్గు నగరమున సాపేక్షతపై కృషిచేయుచున్న పండితులు మాత్రము దాని విలువను గుర్తించిరి. యుర్గెన్ ఎలర్స్ 1961లో దానిని మరింత విస్తృతముగా ప్రతిపాదించెను. ఇట్టి ఫలితమునే సోవియట్ దేశమున లాందౌ స్వతంత్రముగా కనుగొన్నాడని ప్రసిద్ధి. 1959లో రాయ్‌చౌధురి కలకత్తా విశ్వవిద్యాలయమునుండి డి.ఎస్‌సి. పట్టము పొందెను, సిద్ధాంతగ్రంథమును పరీక్షించినవారిలో జాన్ వీలర్ ఒకడు. లోహముల చెర అంతటితో వదలినది. 1961లో తాను చదివిన ప్రెసిడెన్సీ కళాశాలకే ఆచార్యుడుగా వచ్చెను.

అసలైన కీర్తి తరువాత వచ్చినది. 1963లో లిఫ్‌షిట్స్, ఖలాత్నికోవ్ అను రష్యను పండితులు సామాన్యమైన విశ్వమునకు సింగ్యులారిటి అవసరము లేదని వాదించిరి. 1965లో ఇంగ్లండున రోజర్ పెన్‌రోజ్, కుదించుకొనిపోవు నక్షత్రము ఒక హద్దు దాటినచో, దాని ఆకారమెంత వంకరగానున్నను, సింగ్యులారిటి తప్పదని రుజువుచేసెను. స్టీఫెన్ హాకింగ్ అదే తర్కమును విశ్వారంభమునకు త్రిప్పెను. 1970లో ఇరువురును కలిసి ఒక సాధారణ సిద్ధాంతమును ప్రకటించిరి. ఆ రష్యనులును తమ మతమును మార్చుకొనిరి. ఈ రుజువులన్నింటను ఇరుసువలె నిలిచినది రాయ్‌చౌధురి సమీకరణము: పెన్‌రోజ్ దానిని కాంతికిరణముల గుంపునకు అన్వయించెను. కటకము కిరణములను ఒకచోటికి చేర్చినట్లు ద్రవ్యము కిరణములను చేర్చునని ఆ సమీకరణము చెప్పును. 2020లో పెన్‌రోజ్‌నకు నోబెల్ బహుమానము లభించినప్పుడు మన పత్రికలు కలకత్తా ఆచార్యుని పేరును మరల తలచుకొన్నవి. ఆయన మరణించి అప్పటికి పదునైదేండ్లు.

ఆ సందర్భమున కొందరు అత్యుత్సాహముతో, పెన్‌రోజ్ చేసినదంతయు రాయ్‌చౌధురి ముందే చేసెనని వ్రాసిరి. ఇది ఆయనకు అపకారమేగాని ఉపకారము కాదు. గింజలు ఒకచోట చేరుటకును దేశకాలమే అచ్చట అంతమగుటకును భేదమున్నది. గుంపులోని కణములు ఒకదానినొకటి దాటునప్పుడును సమీకరణము అనంతమునే చూపును; అచ్చట విశ్వమున కేమియు కాలేదు. ఈ రెంటినడుమ అగడ్తను దాటించుటకు పెన్‌రోజ్ తెచ్చిన కొత్త జ్యామితి కావలసివచ్చినది. పైగా సుడిని విడిచిపెట్టినగాని 1955 నాటి ఫలితము నిలువదు. కాని తరువాతివారు అడిగిన ప్రశ్నకు మొదటి దారి వేసినవాడు రాయ్‌చౌధురి. విశ్వమంతయు సమానమను ఊతకఱ్ఱను పారవైచి నడచి చూపినవాడు ఆయనయే. ఇంతమాత్రము చెప్పిన చాలును. ఇది తక్కువ కాదు.

ప్రెసిడెన్సీలో ఇరువదియేండ్లకు పైగా ఆయన భౌతికశాస్త్రము బోధించెను. అచ్చటి విద్యార్థులకు సమీకరణకర్తగా కంటె పాఠములు చెప్పిన ఆచార్యుడుగానే ఆయన ఎక్కువ పూజ్యుడు. సైద్ధాంతిక విశ్వవిజ్ఞానముపై ఆయన ఆంగ్లగ్రంథమును 1979లో ఆక్స్‌ఫర్డువారు ప్రకటించిరి. యంత్రశాస్త్రముపైనను, విద్యుదయస్కాంతశాస్త్రముపైనను పాఠ్యగ్రంథములు వ్రాసెను.

1998లో ఒక చిత్రమైన సంగతి జరిగినది. దూరపు నక్షత్రవిస్ఫోటనములను పరిశీలించిన రెండు బృందములు విశ్వవ్యాకోచము మందగించుటకు బదులు త్వరితమగుచున్నదని తేల్చినవి. సమీకరణములోని నాలుగవ పదము ఆకర్షణయే కావలెనను నియమము విశ్వమంతటికిని చెల్లదని దీని యర్థము. సమీకరణము తప్పు కాలేదు. ఆ పదముయొక్క గుర్తు మారినది. అదే సంవత్సరమున డెబ్బదినాలుగేండ్ల రాయ్‌చౌధురి ఫిజికల్ రివ్యూ లెటర్స్ అను పత్రికలో ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. 1990లో స్పెయినుదేశస్థుడు సెనోవిల్లా సింగ్యులారిటి లేని విశ్వమొకటి గణితమున సాధ్యమని చూపియుండెను. అట్టివి ఎన్ని, ఎట్టివి, మన విశ్వము వానిలో ఒకటి కాగలదా యని వృద్ధుడు మరల తన పాత ప్రశ్నయొద్దకే వచ్చెను. భ్రమణము లేక, సింగ్యులారిటి లేక యున్న విశ్వమునందు దేశకాలములన్నింటిపై తీసిన సాంద్రత సగటు సున్న కావలెనని ఆయన రుజువుచేసెను. ఏడేండ్ల తరువాత, 2005 జూన్ 18వ తేదీన, కలకత్తాలో కన్నుమూసెను.