నైటింగేల్ లెక్కల్లో ఎవరున్నారు?

ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు వినగానే మనకి గుర్తొచ్చేది చేతిలో దీపం. చిన్నప్పటి పాఠ్యపుస్తకాల్లో అదే బొమ్మ, నర్సింగ్ కాలేజీ గోడల మీదా అదే బొమ్మ. ఇప్పటికీ నర్సింగ్‌లో చేరిన ఆడపిల్లలు తెల్లదుస్తుల్లో వరసగా నిలబడి, దీపాలు వెలిగించి, ఆమె పేరు మీద ప్రమాణం చేస్తారు. ఆ ప్రమాణం ఆమె రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ నాయకత్వంలో ఒక కమిటీ రాసింది. ఆమె చేతిలో ఉన్నది కూడా బొమ్మల్లో కనిపించే ప్రమిద లాంటి దీపం కాదు, టర్కీలో వాడే మడత లాంతరు. ఇవి చిన్న విషయాలే. కానీ ఒక స్త్రీ చేసిన పనిలో దేన్ని బొమ్మకట్టి పూజిస్తారు, దేన్ని అటక మీద పడేస్తారు అన్నది మాత్రం చిన్న విషయం కాదు.

ఆ దీపం బొమ్మని ఇంగ్లండులో ఇంటింటికీ చేర్చింది 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్' పత్రిక, 1855 ఫిబ్రవరి 24 సంచికలో. సరిగ్గా ఆ నెలలోనే, ఆమె పనిచేస్తున్న స్కుటారి సైనిక ఆసుపత్రిలో చికిత్స పొందినవాళ్ళలో నూటికి 42 మందికి పైగా చనిపోయారు. అక్కడ చావుల రేటు అంత ఎక్కువగా ఉన్న నెల మరొకటి లేదు. లండన్‌లో పాఠకులు దీపాన్ని చూసి కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆ దీపం వెలుగు పడుతున్న మంచాల మీద మనుషులు రాలిపోతున్నారు. నేను సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. ఒక బొమ్మకీ, అది చూపిస్తున్నానని చెప్పే జీవితానికీ మధ్య ఇంత దూరం కనిపిస్తే, ఆ మధ్యలో ఏం జరిగిందో వెతక్కుండా ఉండలేను.

1854 మార్చిలో బ్రిటన్ రష్యా మీద యుద్ధానికి దిగింది. క్రిమియాలో గాయపడినవాళ్ళనీ, అంతకంటే చాలా ఎక్కువగా కలరా, విరేచనాలు, జ్వరాలతో పడిపోయినవాళ్ళనీ ఓడల్లో నల్లసముద్రం దాటించి, ఇస్తాంబుల్‌కి ఎదుటి ఒడ్డున ఉన్న స్కుటారికి తెచ్చేవారు. అక్కడ టర్కీ సైన్యపు బారక్సునే ఆసుపత్రిగా మార్చారు. ఆ ఆసుపత్రి దుస్థితి గురించి 'టైమ్స్' పత్రిక రాసిన వార్తలతో గొడవ పెద్దదై, మంత్రి సిడ్నీ హెర్బర్ట్ నైటింగేల్‌ని పంపాడు. 38 మంది నర్సులతో ఆమె 1854 నవంబరు 4న స్కుటారి చేరింది. మొదట్లో డాక్టర్లు వాళ్ళని వార్డుల్లోకే రానివ్వలేదు. ఆమె వంటగది బాగుచేయించింది, బట్టలు ఉతికించే ఏర్పాటు చేసింది, దుప్పట్లు, చొక్కాలు, చెంచాలు కొనిపించింది. రాత్రుళ్ళు లాంతరు పట్టుకుని వార్డులు తిరిగిందన్నదీ నిజమే.

అయినా చావులు తగ్గలేదు, పెరిగాయి. కారణం ఆ భవనం కిందే ఉంది. మురుగు కాలవలు పూడిపోయి, వాటి దుర్గంధమంతా వార్డుల్లోకి తన్నేది. కిక్కిరిసిన గదుల్లో గాలి ఆడేది కాదు. 1855 మార్చిలో జాన్ సదర్లండ్, రాబర్ట్ రాలిన్సన్ సభ్యులుగా పారిశుధ్య కమిషన్ వచ్చింది. వాళ్ళు మురుగు కాలవలు కడిగించారు, గోడలకి సున్నం వేయించారు, చచ్చిన జంతువులని తీయించారు. ఆసుపత్రికి నీళ్ళు వచ్చే కాలవలో ఒక గుర్రం కళేబరం దొరికింది. జూన్ నాటికి చావులు నూటికి రెండుకి దిగాయి.

ఇక్కడ నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. ఎంత ప్రేమగా సేవచేసే నర్సు అయినా పూడిపోయిన కాలవ నుంచి రోగిని కాపాడలేదు. ఈ సంగతి అందరికంటే బాగా అర్థం చేసుకున్నది నైటింగేలే. దీపం బొమ్మ రోగి భద్రత భారాన్నంతా ఒక స్త్రీ మంచితనం మీద పెడుతుంది. రోగి బతికితే ఆమె దేవత, చనిపోతే ఆమె నిర్లక్ష్యం. నైటింగేల్ మాత్రం ఆ భారాన్ని దాని అసలు చిరునామాకి పంపింది: కాలవలకి, కిటికీలకి, సరుకులిచ్చే శాఖకి, సంతకం పెట్టకుండా కూర్చున్న అధికారికి.

అలా పంపడానికి ఆమెకి కావలసింది లెక్క. సైన్యంలో ఆ లెక్కే సరిగా లేదు. స్కుటారిలో చావులు నమోదయ్యే చోట్లు మూడు. పాతిపెట్టినవాళ్ళ జాబితా ఒకటి, వైద్యాధికారుల నివేదిక మరొకటి, కార్యాలయం రాసుకునేది ఇంకొకటి. మూడింటిలో మూడు సంఖ్యలు. పాతిపెట్టిన వందల మంది వైద్యుల నివేదికలో చనిపోనే లేదు! నేను ఈ వివరం చదివినప్పుడు చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. చనిపోవడం కూడా కాగితం మీద జరక్కపోతే, దాన్ని ఆపాలని ఎవరికి తోస్తుంది?

యుద్ధం ముగిశాక ఆమె ఇంగ్లండుకి తిరిగొచ్చి, విలియం ఫార్ అనే గణాంక శాస్త్రవేత్తతో కలిసి ఆ సంఖ్యల మీద కూర్చుంది. యుద్ధంలో చనిపోయిన దాదాపు 21 వేల మంది బ్రిటిష్ సైనికుల్లో 16 వేల మందిని చంపింది రోగాలే. యుద్ధం లేని కాలంలో, ఇంగ్లండులోనే బారక్సుల్లో ఉండే సైనికులు కూడా అదే వయసు మామూలు పౌరులకంటే దాదాపు రెట్టింపు చనిపోతున్నారని తేలింది. బలంగా ఉన్నారని పరీక్షచేసి తీసుకున్న కుర్రాళ్ళ సంగతి ఇది. 1857లో సైన్యం ఆరోగ్యం మీద రాయల్ కమిషన్ వేశారు. స్త్రీ కాబట్టి ఆమె అందులో సభ్యురాలు కాలేదు, సాక్ష్యం కూడా రాతపూర్వకంగానే ఇచ్చింది. కానీ కమిషన్‌ని నడిపించిన లెక్కలూ, వాదనలూ చాలావరకు ఆమెవి. 1858లో 800 పేజీలకు పైబడిన నివేదికని సొంతంగా అచ్చువేయించింది. మంత్రులు అంకెల పట్టికలు చదవరని తెలుసు కనుక రంగుల్లో, పూరేకుల్లా విచ్చుకున్న పటాలు గీయించింది. నివారించగలిగిన చావులకి ఒక రంగు, గాయాలకి ఒక రంగు, మిగతావాటికి ఒక రంగు. అదే ఏడాది లండన్ గణాంకశాస్త్ర సంఘం ఆమెని తొలి మహిళా ఫెలోగా ఎన్నుకుంది.

స్కుటారి చావుల్లో ఆమె బాధ్యత ఎంత అన్నదాని మీద చరిత్రకారులు ఒక మాట మీద లేరు. తన ఆసుపత్రిలోనే చావులు అంత ఎక్కువని యుద్ధం తర్వాత తెలుసుకుని ఆమె కుంగిపోయిందని 1998లో హ్యూ స్మాల్ రాశాడు. నైటింగేల్ రచనలని 16 సంపుటాలుగా తెచ్చిన లిన్ మెక్‌డొనాల్డ్ ఆ వాదన ఒప్పుకోలేదు. ఎవరి మాట నెగ్గినా, తాను పనిచేసిన సంస్థకి చెడ్డపేరు తెచ్చే సంఖ్యని ఆమె దాచలేదన్నది మిగులుతుంది. 1859లో ఆసుపత్రుల మీద రాసిన పుస్తకాన్ని, ఆసుపత్రి ముందు రోగికి హాని చేయకుండా ఉండాలన్న మాటతోనే మొదలుపెట్టింది. అన్ని ఆసుపత్రులూ ఒకే నమూనాలో లెక్కలు రాయాలని 1860 అంతర్జాతీయ గణాంక సభకి ప్రతిపాదన పంపింది. సైన్యంలో వైద్య గణాంకాల విభాగం, సైనిక వైద్య పాఠశాల ఈ కృషి నుంచే వచ్చాయి.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి కథ. కానీ లెక్కల పుస్తకం తెరిచినప్పుడు అందులో ఎవరి పేరుంది అని అడగడంతో పాటు, ఎవరి పేరు ఏ గడిలో ఉంది అని కూడా అడగాలి. ఆ ప్రశ్న మనల్ని మన గడ్డ మీదికే తెస్తుంది.

1859లో ఇండియాలోని సైన్యం ఆరోగ్యం మీద మరో రాయల్ కమిషన్ వేశారు. కంటోన్మెంట్లన్నిటికీ ప్రశ్నావళులు వెళ్ళాయి. నీళ్ళెక్కడివి, మురుగెటు పోతుంది, గదికి ఎంతమంది? వచ్చిన జవాబులని నైటింగేల్ ఇంగ్లండులో మంచం దిగకుండానే విశ్లేషించింది. 1863లో నివేదిక వచ్చింది. ఇండియాలో బ్రిటిష్ సైనికులు ఏటా వెయ్యికి 69 మంది చొప్పున చనిపోతున్నారని తేలింది. బారక్సులు, కాలవలు, మంచినీళ్ళ మీద డబ్బు ఖర్చుపెట్టాల్సిందేనని ఆమె జీవితాంతం పోరాడింది.

ప్రభుత్వం కాలవలు తవ్వడం కంటే తేలికైన దారి ఒకటి కూడా కనిపెట్టింది. సైనికులు సుఖరోగాలతో మంచాన పడుతున్నారు కనుక, వాళ్ళ దగ్గరికొచ్చే ఆడవాళ్ళని అదుపులో పెట్టడం. 1864 కంటోన్మెంట్ల చట్టం, 1868 అంటురోగాల చట్టం కింద ఆ స్త్రీల పేర్లు రిజిస్టరులో ఎక్కించారు, టిక్కెట్లిచ్చారు, నిర్ణీత కాలానికి శరీర పరీక్షలు చేశారు, రోగముందంటే 'లాక్ హాస్పిటల్'లో పెట్టి తాళం వేశారు. మద్రాసు ప్రెసిడెన్సీ సైన్యం కింద సికింద్రాబాదు, బళ్ళారి కంటోన్మెంట్లలోనూ ఇవి నడిచాయి. బ్రిటిష్ సైన్యంలో మగవాళ్ళకి చేసే ఇలాంటి పరీక్షలని మాత్రం 1859లోనే ఆపేశారు, వాళ్ళ గౌరవానికి భంగమని.

లాక్ హాస్పిటళ్ళ వార్షిక నివేదికలు చదివితే వాటి తర్కం బోధపడుతుంది. ఎంతమంది స్త్రీలని చేర్చారో రాస్తారు. కానీ ఆ ఆసుపత్రి బాగా పనిచేసిందా లేదా అన్నది తేల్చేది ఆ స్త్రీల ఆరోగ్యం కాదు. ఆ ఏడాది వెయ్యిమంది తెల్ల సైనికులకి ఎంతమంది సుఖరోగాలతో ఆసుపత్రిలో చేరారన్న నిష్పత్తి. మంచం మీద ఉన్నది ఆమె, రోగి అతను. ఆసుపత్రి అని పేరున్న చోట, రోగి కాకుండా రోగకారణంగా మాత్రమే లెక్కకొచ్చిన స్త్రీకి భద్రత అన్న మాటకి అర్థమే లేదు. ఆమెకి జరిగిన హానికి గడి గీయలేదు.

ఈ చట్టాలని నైటింగేల్ వ్యతిరేకించింది. వీటితో రోగాలు తగ్గుతాయనడానికి లెక్కల ఆధారం లేదని 1860లలోనే వాదించింది. 1870 జనవరి 1న అచ్చయిన మహిళల నిరసన ప్రకటన మీద జోసెఫిన్ బట్లర్, హారియట్ మార్టినోలతో పాటు ఆమె సంతకమూ ఉంది. బట్లర్ ఉద్యమం వల్ల ఇంగ్లండులో చట్టాలు 1886లో, ఇండియాలో 1888లో రద్దయ్యాయి. కాగితం మీద రద్దయినా కంటోన్మెంట్లలో పద్ధతి ఆగలేదు. 1891-92లో ఎలిజబెత్ ఆండ్రూ, కేథరిన్ బుష్నెల్ అనే ఇద్దరు అమెరికన్ స్త్రీలు ఉత్తరాది కంటోన్మెంట్లు తిరిగి, లోపలున్న స్త్రీలతో మాట్లాడి, వాళ్ళు చెప్పింది రాసుకొచ్చారు. సైన్యం కాదన్న సంగతి ఆ సాక్ష్యంతో 1893లో ప్రభుత్వ విచారణ ముందుకొచ్చింది. సైన్యం గీయని గడిని ఇద్దరు స్త్రీలు తమ నోటుపుస్తకంలో గీశారు.

ఇదంతా పాత కథ అనుకోవడానికి లేదు. 1999లో అమెరికా వైద్య సంస్థ ఒకటి, ఆ దేశపు ఆసుపత్రుల్లో నివారించగలిగిన పొరపాట్ల వల్ల ఏటా 44 వేల నుంచి 98 వేల మంది చనిపోతున్నారని అంచనా వేశాక, 'రోగి భద్రత' అన్న మాట ప్రపంచమంతా పాకింది. మనుషులని నిందించడం కాదు, వ్యవస్థని సరిచేయాలన్నది దాని సారం. నైటింగేల్ నూట నలభై ఏళ్ళ కిందట చెప్పిందే. 2014లో అమెరికా సైన్యం తన ఆసుపత్రులన్నిటి మీదా సమీక్ష జరిపించింది. సగటున బయటి ఆసుపత్రులకి తీసిపోమని, కానీ ఒక ఆసుపత్రికీ ఇంకోదానికీ మధ్య తేడాలు చాలా ఉన్నాయని ఒప్పుకుంది. ఆ ఏడాదే 'న్యూయార్క్ టైమ్స్' పత్రిక ఆ ఆసుపత్రుల్లో ప్రసవాల గురించి రాసింది. అప్పట్లో ఏటా యాభై వేలకి పైగా బిడ్డలు అక్కడ పుట్టేవారు. సైనిక ఆసుపత్రి అనగానే మనకి తూటా దెబ్బ తిన్న మగవాడు గుర్తొస్తాడు. అక్కడ పడకల మీద నొప్పులు పడుతున్న స్త్రీలూ ఉంటారు.

దీపం పట్టుకున్న స్త్రీని మెచ్చుకోవడానికి ఏ వ్యవస్థకీ ఖర్చు ఉండదు. కాలవ కడగడానికి ఉంటుంది, చనిపోయినవాళ్ళని ఉన్నదున్నట్టు రాయడానికి అంతకంటే ఎక్కువ ఉంటుంది. నర్సింగ్ విద్యార్థినులకి దీపంతో పాటు ఒక ఖాళీ రిజిస్టరు కూడా చేతికివ్వాలని నాకనిపిస్తుంది. అందులో గడులు వాళ్ళనే గీసుకోనివ్వాలి.