ఇల్లటము – దాంపత్యకలహము

తెలుఁగున భార్యకు ఇల్లాలు అని పేరు. ఇల్లు, ఆలు అను రెండు పదముల కలయిక యిది. ఈ మాట విన్నపుడు స్త్రీయెడ గౌరవమే తోఁచును గాని న్యూనత తోఁపదు. ఆ యిల్లను పదమే పురుషునిఁ జేరినపుడు ఇల్లటము, ఇల్లరికము అను మాటలు పుట్టినవి. ఇల్లటపుటల్లుఁడు అన్నంతనే వినువాని పెదవిపైఁ జిఱునవ్వు పొడసూపును. ఒకే పదము స్త్రీకి మన్ననయుఁ బురుషునకుఁ బరిహాసమును దెచ్చుట యూరక కలిగినది కాదు. భార్య భర్తయింటికి వచ్చుట ప్రకృతి, భర్త భార్యయింటికిఁ బోవుట వికృతి యని లోకము తలఁచుచు వచ్చినది. ఆ తలంపు శాస్త్రములయందును, కావ్యములయందును, తుదకు న్యాయస్థానములయందును దంపతుల నడుమ నెట్టి కలహమునకుఁ గారణమైనదో యిచట విచారింపఁబడుచున్నది.

ముందుగా శబ్దములను విచారింపవలెను. భృఞ్ ధాతువునుండి పుట్టిన భర్తృశబ్దమునకు భరించువాఁడు, పోషించువాఁడు అని యర్థము. భార్య యనఁగా భరింపఁదగినది. సేవకునిఁ జెప్పు భృత్యశబ్దమును ఈ ధాతువునుండియే పుట్టినది. కావుననే భార్యాశబ్దమును సాధించి భృత్యశబ్దమునుండి వేఱుచేయుటకు వైయాకరణులు మహాభాష్యకాలమునుండియు శ్రమపడిరి. రూపమును వేఱుచేయుట సూత్రములచే సాధ్యమైనది. భావమును వేఱుచేయుట లోకమున కంత సులభము కాలేదు. పత్నీశబ్దము త్రోవ వేఱు. యజ్ఞసంబంధము గల చోటనే పాణిని దానిని విధించెను. పతితోఁ గూడి యజ్ఞఫలము ననుభవించునది పత్ని. ఇచటఁ బోషణప్రసక్తి లేదు, సహకర్తృత్వమే కలదు. ఇట్లు ఒకే స్త్రీని ఒక శబ్దము పోష్యవర్గమునఁ జేర్చుచున్నది, మఱియొక శబ్దము సమభాగినిఁ జేయుచున్నది. సామాన్యముగా నీ రెండు పేళ్లును గలహింపక యొక గృహమున నిమిడియుండును. ఇల్లటమున మాత్రము మొదటి పేరు తలక్రిందగును. అచట భరించువాఁడు మామ, అల్లుఁడును భరింపఁబడువాఁడే.

వరునియందు లోటు వెదకుట క్రొత్త గాదు. ఋగ్వేదమందలి విజామాతృశబ్దమును వ్యాఖ్యానించుచు యాస్కుఁడు, ధనమిచ్చి కన్యను గొన్నవానిని దాక్షిణాత్యు లట్లు పిలుతురనియు, పూర్తికాని వరుఁ డని యర్థమనియుఁ జెప్పెను. ఇచ్చుట పుచ్చుకొనుటలలో మర్యాద తాఱుమాఱైన చోట వరుఁడు సగమువరుఁ డగునన్నమాట. ఈ దక్షిణదేశపు మాట మఱల నక్కఱకు వచ్చును.

ఇల్లటపుటల్లునిఁ గూర్చి సంస్కృతసుభాషితములు రెండు నాలుకలతోఁ బలికినవి. సారములేని సంసారమున మామగారి యిల్లే సారమనియు, కావుననే హరుఁడు హిమాలయమునను, హరి పాలకడలిలోను నివాస మేర్పఱచుకొనిరనియు నొక చమత్కారము. నలుగురల్లుండ్ర కథ దానికి ప్రత్యుత్తరము. విస్తరిలో నెయ్యి లేకుండుటఁ జూచి యొకఁడు, పీట వేయమి నొకఁడు, పాచికూడు పెట్టుటచే నొకఁడు వెడలిపోఁగా, నాలవవాఁడగు ధనంజయుఁడు దెబ్బలు తిన్న పిదపఁ గాని కదలలేదఁట. పాఠశాలలో బాలురు నవ్వుచుఁ జదువుకొను నీ కథలో నల్లుని భార్యలు నలుగురు నేమనుకొనిరో చెప్పినవారు లేరు. కలహమంతయు మామకును అల్లునికిని జరిగినట్లు కథ నడచినది. ఇల్లటపుఁ గలహములలో భార్య మనసు ఎవరి లెక్కలోను లేకపోవుట తఱచుగాఁ గానవచ్చు విషయము.

స్మృతికారులును దీనిని దంపతుల పక్షమున విచారింపలేదు. కొడుకులు లేనివాఁడు కూఁతును పుత్రికగా నేర్పఱచి, ఆమెకుఁ బుట్టినవానిని దన వంశకర్తఁగాఁ గొనవచ్చును. అందుచేతనే సోదరులులేని కన్యను వివాహమాడుట తగదని మనువు హెచ్చరించెను. ఆమె పుత్రికయేమో యని శంక. యాస్కుఁడును నీ సంగతిని విస్తరించి చర్చించెను. ఈ చర్చలన్నియుఁ బిండము ఎవరిది, ధనము ఎవరిది యను ప్రశ్నలచుట్టును దిరిగినవి. భారతమున మణలూరపురపు రాజు చిత్రవాహనుఁడు, చిత్రాంగదకుఁ బుట్టువాఁడు తన వంశమువాఁడే యని యొడఁబడిక చేసికొని కాని యామెను అర్జునున కీయలేదు. అర్జునుఁ డంగీకరించి, మూఁడేండ్లుండి, తీర్థయాత్రకు వెడలిపోయెను. ఆ దాంపత్యమునఁ గలహము లేదన్న, ఉండుటకు భర్త యచట లేకపోవుటయే కారణము.

ఇల్లటమును దంపతుల కన్నులతోఁ జూచిన కవి తెలుఁగున నొక్కఁడు గలఁడు. పదునాఱవ శతాబ్దివాఁడగు పింగళి సూరన కళాపూర్ణోదయమున సుగాత్రీశాలీనుల కథను గల్పించెను. స్థలము కాశ్మీరమందలి శారదాపీఠము. సుగాత్రి తలిదండ్రులు శాలీనుని అల్లునిఁగాఁ దెచ్చి తమ యింటనే యుంచుకొనిరి. సర్వాలంకారములతోఁ గూఁతును బడకటింటికిఁ బంపినను శాలీనుఁడు కన్నెత్తి చూడఁడయ్యెను. అత్తకుఁ గోపము వచ్చినది. తోఁటపని చూడుమని యల్లునిఁ బంపినది. వాఁడు సంతోషముతోఁ బోయి చెట్లను బెంచుచు, దేవికిఁ బువ్వులు దెచ్చుచుండెను. భర్త కష్టపడుచుండఁగాఁ దాను సుఖముగా నుండుటకు సుగాత్రి మనసొప్పలేదు. ఒకనాఁడు పెనువాన కురియఁగా నామె నిలువలేక, నగలు తీసివైచి, తోఁటకుఁ బోయి వానితోఁ గలిసి పనిచేసెను. చెమర్చిన మొగముతో నున్న యామెను జూచి శాలీనుని మనసు మొదటిసారి కరఁగెను.

విమర్శకులు పలువు రీ ఘట్టమును సహజసౌందర్యమునకు స్తోత్రముగాఁ దలఁచిరి. అది కాదనరాదు, కాని యంతమాత్రమే యైనచో సూరన యల్లునిఁ దెచ్చి మామయింట నుంచుట యెందులకు? నాయకుని పేరే కొంత చెప్పుచున్నది. శాలీనశబ్దమును బాణిని అధృష్టుఁడు, అనఁగా బిడియపడువాఁడు, అను నర్థమున నిపాతించెను. శాలాప్రవేశమున కర్హుఁడు శాలీనుఁ డని వ్యాఖ్యాతలు వ్యుత్పత్తి చెప్పిరి. శాల యనఁగా ఇల్లు. ఇల్లు విడిచి నలుగురిలోఁ దిరుగలేనివాఁడు. ఇల్లటపుటల్లునికి నింతకంటెఁ దగిన పేరు సంస్కృతమున దొరకదు. వ్యాకరణ మెఱిఁగిన సూరన దీనిని దెలియక పెట్టెననుట కష్టము. ఇఁక సుగాత్రి ధరించిన నగలు మామ సొమ్ము. వానిలోఁ బ్రతి యొక్కటియు, భరించువాఁడు నీవు కావు, అని శాలీనునకుఁ జెప్పుచున్నట్లే యుండును. అత్త దానిని మొద్దుతన మనుకొన్నది. వాని కది యభిమానము. తోఁటలో వాఁడు పనిచేయువాఁ డయ్యెను, ఆమెయు నయ్యెను. భర్త, భార్య యను పేళ్లు తొలఁగి, పతి, పత్ని యను పేళ్లు నిలిచిన స్థల మది. ఆ త్రోవను గనుఁగొన్నది సుగాత్రియే గాని శాలీనుఁడు గాఁడు.

కవి కల్పించినదానిని రైతులు వాడుకలో నెఱుఁగుదురు. రాయలసీమ, నెల్లూరు ప్రాంతముల రెడ్లు, కమ్మవారు మొదలగు వ్యవసాయకులలో ఇల్లటము పూర్వాచారము. 1880ల నాఁటి తీర్పులలోఁ జెన్నపట్టణపు హైకోర్టు దానిని ఆచారబలము గల ధర్మముగా నంగీకరించినది. ఇంగ్లీషు ధర్మశాస్త్రగ్రంథములలో నీ తెలుఁగు మాటయే ఇల్లటమ్ అను రూపమునఁ బరిభాషయై నిలిచినది. దీని లక్షణములు గమనింపఁదగినవి. ఇల్లటపుటల్లుఁడు దత్తుఁడు గాఁడు. కన్నవారియింటి హక్కును గోలుపోఁడు. సేద్యమునందును ఆస్తి నిర్వహణమునందును మామకుఁ దోడ్పడుటకై రప్పింపఁబడును. ఆ తోడ్పాటునకుఁ బ్రతిఫలముగా ఆస్తిలో భాగ మొడఁబడికచే వచ్చును. పిదప మామకుఁ గొడుకు పుట్టినను వానితో సమానమైన భాగమునకుఁ దగును. అనఁగా రైతులు అల్లునిఁ దిండి తినువానిఁగాఁ గాక నాఁగలి పట్టువానిఁగా లెక్కించిరి. శాలీనునకుఁ దోఁట యేమి చేసెనో, ఇచట భాగము ఆ పని చేయుచున్నది. ధర్మశాస్త్రము చదువనివారు కలహమూలమును సరిగాఁ గనిపెట్టిరనవలెను.

తోఁటయు భాగమును రెండును లేని యిల్లట మేమగునో బొంబాయి నగరమున నొక వ్యాజ్యము చూపినది. అచటి సుతార కులమునఁ బుట్టిన రుఖ్మాబాయి 1864లో జన్మించెను. తండ్రి బాల్యముననే మరణించెను. ఆయన యాస్తి యామెకు సంక్రమించెను. తల్లి వైద్యుఁడగు సఖారాం అర్జునుని బునర్వివాహము చేసికొనెను. పదునొకండవయేట రుఖ్మాబాయిని, పందొమ్మిదేండ్ల దాదాజీ భీకాజీ కిచ్చి పెండ్లిచేసిరి. ఏర్పాటు మన యిల్లటము వంటిదే: వరుఁడు అత్తవారింట నుండవలెను, వారి ఖర్చుతోఁ జదువుకొని ప్రయోజకుఁడు కావలెను. ఇరువదేండ్లవాఁడు బాలురతోఁ గూడ బడికిఁ బోవుట దాదాజీకి నామర్ద యయ్యెను. చదువు మానెను, మేనమామ యింటికిఁ బోయి చేరెను, అప్పులపాలయ్యెను. రుఖ్మాబాయి యింటనే యుండి పుస్తకములు చదువుచుఁ బెరుగుచుండెను. వైద్యుఁడగు సఖారాం చిన్ననాఁడే కాపురమునకుఁ బంపుట కొప్పుకొనలేదు.

1884లో దాదాజీ భార్యను దన కప్పగింపవలసినదని దావా వేసెను. ఆస్తికొఱకే యామెను పుట్టింటివారు నిలిపికొన్నారని యతని వాదము. పోషింపఁజాలని పేదఱికము, ఆరోగ్యము లేమి, మేనమామ యింటి నడవడి, వీనిని బట్టి తాను బోనని యామె వాదము. రెండు పక్షముల వ్రాఁతలును 1887లోఁ గరపత్రములుగా వెలువడినవి. వాని సారము రెండు వాక్యములు: నీవు భార్యవలె నడువలేదని యతఁడు, నీవు భర్తవు కాలేదని యామె. అతఁడు భరించు భారమును వదలియు, ఆజ్ఞాపించు నధికారమును వదలలేదు. ఆమె యింటను బోషణభాగ్యము పుట్టింటిదే. కావున నాజ్ఞకు లోఁబడుటకుఁ గారణ మామెకుఁ గానరాలేదు. మునుపు చెప్పిన రెండు శబ్దముల తగవు న్యాయస్థానపు బోను నెక్కినది.

1885 సెప్టెంబరు 21న న్యాయాధిపతి పిన్హీ దావాను గొట్టివేసెను. ఊహ తెలియని వయసునఁ బెండ్లియై, ఎన్నఁడును గాపురము చేయని స్త్రీని బలిమిచే నప్పగించుట క్రూరమనియు, ఇట్టి దావా ఇంగ్లండునుండి వచ్చినదే కాని హిందూధర్మశాస్త్రమునఁ గానరాదనియు నాయన తలంపు. ఈ రెండవ మాట పండితులు తలపోయవలసినది. సనాతనధర్మమును గాపాడుట కని దాదాజీ పక్షమున నిలిచినవారు, నిజమునకు ఇంగ్లండు చర్చి న్యాయస్థానములలోఁ బుట్టిన యొక విధిని గాపాడుచుండిరి. ఆ దేశమున దీనికిఁ జెఱసాల శిక్ష 1884లోనే తొలఁగింపఁబడెను. బొంబాయిలో నప్పీలున 1886లోఁ బిన్హీ తీర్పు త్రోసివేయఁబడి, 1887 మార్చిలో న్యాయాధిపతి ఫారన్ భర్తయింటికిఁ బోవలెను, లేనిచో నాఱునెలలు చెఱ యని తీర్పు చెప్పెను. చెఱసాలకే పోవుదు నని రుఖ్మాబాయి చెప్పెను. తిలక్ గారి పత్రికలు తీర్పును సమర్థించినవి. మలబారీ మొదలగు సంస్కర్త లామెకై నిధి కూర్చిరి. ఆ వాదోపవాదములు కొండవలెఁ బెరిగినవి. వానిలో నీ దంపతుల సంగతి కొంచెమే.

చెఱసాల శిక్షను భారతదేశమున 1923లోఁ దీసివేసిరి. దావా మాత్రము 1955 నాఁటి హిందూ వివాహశాసనమునఁ దొమ్మిదవ సెక్షనుగా, భార్యాభర్త లిరువురకును సమానముగా, నిలిచినది. ఇంగ్లండు తన విధిని 1970 నాఁటి చట్టముచే రద్దుచేసికొనెను. 1983లో ఆంధ్రప్రదేశ హైకోర్టు న్యాయమూర్తి పి. ఏ. చౌదరి యీ సెక్షను స్త్రీ స్వాతంత్ర్యమునకు విరుద్ధమని కొట్టివేయఁగా, మఱుచటి యేఁడు సుప్రీముకోర్టు దానిని మఱల నిలిపినది. ఇల్లటమునకు మూలమైన యాస్తి సంగతియు మాఱినది. 1986లో ఆంధ్రప్రదేశ శాసనసభయు, 2005లోఁ బార్లమెంటును గూఁతురికిఁ బిత్రార్జితమునఁ గొడుకుతో సమానమైన హక్కు నిచ్చినవి. సొమ్ముకొఱకు ఇల్లటమున కల్లునిఁ దేవలసిన యగత్యము తగ్గినది. ఆ మాట వినినపు డుదయించు చిఱునవ్వును దీయుటకు మాత్రము శాసనము లేదు.

బొంబాయి వ్యాజ్యము తీర్పుతో ముగియలేదు. 1888 జూలైలో నుభయపక్షములు రాజీపడినవి. రెండువేల రూపాయలు పుచ్చుకొని దాదాజీ తన హక్కును వదలుకొనెను. యాస్కుని విజామాత ధనమిచ్చి భార్యను గొన్నవాఁడు. ఇతఁడు ధనముఁ గొని భార్యను విడిచినవాఁడు. పిదప నతఁడు వేఱొకతెను వివాహమాడెను. రుఖ్మాబాయి 1889లో ఇంగ్లండునకుఁ బోయి, లండనులో స్త్రీల వైద్యవిద్యాలయమునఁ జదివి, 1894 ప్రాంతమున వైద్యురాలై తిరిగివచ్చెను. సూరతులోను, రాజకోటలోను స్త్రీల వైద్యశాలలందుఁ జాలకాలము పనిచేసెను. మఱల వివాహ మాడలేదు. 1955లో, హిందూ వివాహశాసనము వెలువడిన కొలఁది నెలలకే, మరణించెను. దాదాజీ 1904లో మృతుఁడయ్యెను. ఆ వార్త వినిన పిమ్మట, ఎన్నఁడును దాను గాపురమునకుఁ బోని యా భర్తకొఱకు నామె వితంతువులు కట్టు తెల్లచీరను గట్టెనని యామె చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు.