బొగ్గుగనులు నేర్పిన సంభావ్యతా పాఠం

గోదావరిఖని బొగ్గుబావుల చరిత్రలో 2003 చేదు సంవత్సరం. ఆ జూన్ నెలలో 7వ నంబరు ఎల్.ఇ.పి. గనిలోకి నీరు ఉప్పొంగి వచ్చి 17 మంది కార్మికులు మరణించారు. నాలుగు నెలలకే, అక్టోబరులో, 8-ఏ గనిలో పైకప్పు కూలి మరి 10 మంది బలి అయినారు. ఇట్టి ఘోరాలు వెంటవెంట సంభవించినప్పుడు ఎవరికైనా ఒక ప్రశ్న తోస్తుంది: ఇది కాకతాళీయమా, లేక గనుల పరిస్థితిలోనే మార్పు వచ్చినదా? రెండే సంఘటనలను చూసి జవాబు చెప్పడం సాధ్యం కాదు. కాని దీర్ఘకాలపు లెక్క చేతిలో ఉంటే చెప్పే పద్ధతి ఒకటి ఉన్నది. విశేషమేమంటే, ఆ పద్ధతిని నేర్పేందుకు ప్రపంచమంతటా తరచు వాడే ఉదాహరణ కూడా బొగ్గుగనులదే.

1952లో మాగ్వైర్, పియర్సన్, విన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ‘బయోమెట్రికా’ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. బ్రిటిష్ గనులలో ఒక పెద్ద పేలుడుకూ మరొక పేలుడుకూ మధ్య ఎన్ని రోజులు గడిచినవో వారు అందులో పరిశీలించారు. ఆ పట్టికలోని తప్పులను 1979లో జారెట్ సవరించి, కాలాన్ని కూడా పొడిగించాడు. దాని ప్రకారం 1851 మార్చి నుండి 1962 మార్చి వరకు, పదిమంది గాని అంతకు మించి గాని మరణించిన పేలుళ్ళు 191. ఇందులో 1890 వరకు గల మొదటి 40 ఏళ్ళలోనే 125 జరిగినవి. తరువాతి 72 ఏళ్ళలో జరిగినవి 66 మాత్రమే. ఏటికి సగటున మూడుకు పైగా ఉన్నవి ఒకటికి లోపుగా దిగినవి.

ఈ తగ్గుదల కేవలం యాదృచ్ఛికమే కావచ్చునా? పరీక్షించే విధానం ఎంతో సులభం. 1 నుండి 112 వరకు అంకెలు వేసిన చీటీలను ఒక కుండలో వేయాలి. కుండను కుదిపి ఒక చీటీ తీసి, అంకె వ్రాసుకొని, మళ్ళీ కుండలోనే వేయాలి. ఇట్లు 191 సార్లు చేయాలి. ఒక్కొక్క అంకె ఒక్కొక్క సంవత్సరానికి గుర్తు; ఒక్కొక్కసారి తీయడం ఒక్కొక్క పేలుడుకు గుర్తు. ప్రమాదానికి అన్ని ఏళ్ళూ సమానమే అయితే, 40 లోపు అంకెలు సుమారు 68 సార్లు రావాలి. పది, పదిహేను అటూ ఇటూ కావచ్చును. ఈ ప్రయోగాన్ని వేయిసార్లు చేసినా 90 దాటడం అరుదు. నిజంగా జరిగినవి 125! కనుక ఇది చీటీల ఆట కాదు. గనులలోనే ఏదో మారినది.

వాస్తవాన్ని ఇట్లు కృత్రిమంగా మళ్ళీమళ్ళీ జరిపి చూడడమే ‘అనుకరణ’. 1946లో జబ్బుపడి కోలుకుంటున్న ఉలామ్ అనే గణితజ్ఞుడు పేకాట ఆడుతూ, గెలుపు అవకాశాన్ని సూత్రాలతో సాధించడం కంటే అనేకమార్లు ఆడి లెక్కించడమే తేలిక అని గ్రహించాడు. ఫాన్ నాయిమన్ తోడ్పాటుతో అది గణనయంత్రాలకు ఎక్కినది. 1949లో మెట్రోపోలిస్, ఉలామ్ ప్రచురించిన వ్యాసంతో ‘మాంటీ కార్లో పద్ధతి’ అనే పేరు వ్యాప్తిలోకి వచ్చినది.

ఒకప్పుడు ఈ విద్య కోసం దూరదేశం పోవలసి ఉండేది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణరావు 1941లో సాంఖ్యక శాస్త్రం కోసం కలకత్తాలోని భారత సాంఖ్యక సంస్థలో చేరవలసి వచ్చినది. ఆయన తరువాత ప్రపంచంలోని అగ్రగణ్య సాంఖ్యక శాస్త్రజ్ఞులలో ఒకడైనాడు. నేడు ఆ దూరం తగ్గినది. న్యూజీలాండులోని ఆక్లండులో ఇహాకా, జెంటిల్‌మన్ 1990 దశకంలో రూపొందించిన ‘ఆర్’ అనే గణనభాష ఉచితంగా లభిస్తుంది. ఐ.ఐ.టి.ల ‘ఎన్‌పీటెల్’ పాఠాలు, 2017లో ప్రారంభమైన ‘స్వయం’ వేదిక పాఠాలు గోదావరిఖనిలోని విద్యార్థికీ ఇంట్లోనే అందుతున్నవి. ‘ఆర్’ భాషతోపాటు వచ్చే ‘బూట్’ అనే సంకలనంలో ఆ 191 పేలుళ్ళ తేదీలూ పొందుపరచి ఉన్నవి. కుండ, చీటీలు లేకుండానే రెండు మూడు ఆజ్ఞలతో క్షణంలో వేయి ప్రయోగాలు జరుగుతవి.

అయితే యంత్రం చెప్పగలిగినది ఒకటి, చెప్పలేనిది మరొకటి. మార్పు వచ్చినదని, అది సుమారు 1890 ప్రాంతాన వచ్చినదని అది చెప్పగలదు. ఎందువల్ల వచ్చినదో చెప్పలేదు. దానికి చరిత్ర చదవాలి. బ్రిటన్‌లో 1887లో గనుల నియంత్రణ చట్టం వచ్చినది. 1889లో గనికార్మికుల సమాఖ్య ఏర్పడినది. గనుల పని తగ్గినందువల్ల పేలుళ్ళు తగ్గినవనడానికి వీలులేదు. బొగ్గు ఉత్పత్తి 1913 వరకు పెరుగుతూనే వచ్చినది. ఇక ‘యాదృచ్ఛికం’ అన్న మాటకు ‘ఎవరి బాధ్యతా లేదు’ అని అర్థం కాదు. ఎప్పుడు జరుగుతుందో ముందుగా తెలియని ప్రమాదం సైతం ఎంత తరచుగా జరుగుతుందన్నది మనుష్యుల జాగ్రత్తపై ఆధారపడి ఉంటుంది. 125, 66 అంకెలు తెలిపే సత్యం ఇదే.

ఉన్నత పాఠశాలలలో ఈ పాఠానికి కంప్యూటరు లేకపోయినా కుండ, చీటీలు చాలును. తరగతిలోని ప్రతి విద్యార్థీ ఒక్కసారి చేసినా నలభై అనుకరణలు పూర్తి అవుతవి. తీసిన ప్రతి చీటీ వెనుక కనీసం పదిమంది గనికార్మికుల ప్రాణాలున్నవని ఉపాధ్యాయుడు ముందుగా చెప్పాలి. అప్పుడు విద్యార్థులు అంకెలను శ్రద్ధగా లెక్కిస్తారు.