పంది పక్కటెముకలు - ఆరు గంటల లెక్క

3-2-1 అంటే రాకెట్ కౌంట్‌డౌన్ అనుకునేరు. అమెరికాలో పెరట్లో పొగ పెట్టి పంది పక్కటెముకలు (వీళ్ళ భాషలో స్పేర్ రిబ్స్) వండేవాళ్ళకి నోటికొచ్చిన ఎక్కం అది. 225 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర మూడు గంటలు ఉత్తి పొగ. తర్వాత కాస్త ఆపిల్ రసం పోసి రేకులో చుట్టి రెండు గంటలు. చివర్లో రేకు విప్పి, సాస్ పూసి ఒక గంట. కాన్సస్ సిటీ శివార్లలో ఉద్యోగం వెలగబెడుతున్న నాకు వారాంతాల్లో ఈ వాసన తప్పదు. దాంతో ఈ ఆరు గంటల కథేంటో చూద్దామనిపించింది.

నిజానికి పంది మాంసం ముక్క లోపల 145 డిగ్రీలకి చేరి, మూడు నిమిషాలు ఆగితే చాలు, తినడానికి ఢోకా లేదని అమెరికా వ్యవసాయ శాఖ 2011లో చెప్పింది. కానీ పక్కటెముకల్ని అక్కడ ఆపితే దవడలు పట్టేస్తాయి. ఎముకల మధ్య ఉండే కొలాజెన్ కరిగి జెలటిన్ అవ్వాలంటే లోపల దాదాపు 200 దాకా వెళ్ళాలి, అదీ నిదానంగా. మధ్యలో ఓ చోట ఉష్ణోగ్రత మొండికేసి కదలదు. మాంసంలోని నీరు ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తుంది, అచ్చం మన మట్టికుండ లాగే. రేకు చుట్టేది ఆ ఆవిరిని ఆపడానికే.

అంటే ఈ వంటకి కావలసింది ఎవరికీ అక్కర్లేని మాంసం, దాని పక్కన కూర్చునే మనిషి. కరీబియన్ దీవుల ఆదివాసుల మాట "బార్బకోవా" నుంచి బార్బెక్యూ వచ్చింది. పందులేమో యూరప్ వాళ్ళవి. 1539లో ఫ్లోరిడాలో దిగిన హెర్నాండో డి సోటో వెంట అవీ దిగాయి. కానీ దక్షిణాది తోటల్లో దొరల విందులకి గోతులు తవ్వి, రాత్రంతా నిప్పు కాచింది ఎక్కువగా నల్లజాతి బానిసలు. వాళ్ళ నిద్రకి ఎవరూ లెక్క కట్టలేదు. 1865లో బానిసత్వం పోయాక ఆ విద్య వాళ్ళతోనే ఊళ్ళు దాటింది.

అలా దాటినవాళ్ళలో మెంఫిస్ దగ్గర పుట్టిన హెన్రీ పెర్రీ ఒకడు. పడవల్లో వంటవాడిగా పనిచేసి కాన్సస్ సిటీ చేరి, 1908లో ఒక సందులో బండి పెట్టాడు. 1871 నుంచీ పశువుల సంత, దాని చుట్టూ మాంసం ఫ్యాక్టరీలు ఉన్న ఊరది. మంచి ముక్కలు రైలెక్కి పోయేవి, ఎముకలెక్కువున్నవి చవగ్గా మిగిలేవి. పెర్రీ వాటిని ఓక్, హికరీ కట్టెల మీద కాల్చి, న్యూస్‌పేపర్లో చుట్టి అమ్మాడు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఎగబడి కొన్నారు. 1940లో ఆయన పోయాక కొట్టు శిష్యుడు చార్లీ బ్రయంట్‌కి, తర్వాత అతని తమ్ముడు ఆర్థర్‌కి వచ్చింది. ఇంకో శిష్యుడు ఆర్థర్ పింకార్డ్ 1946లో గేట్స్ దంపతుల కొట్లో చేరాడు. ఊళ్ళోని రెండు పెద్ద పేర్లూ ఒకే గురువు దగ్గర తేలతాయన్నమాట.

మరి పెరట్లోకి ఎలా వచ్చింది? 1920ల్లో హెన్రీ ఫోర్డ్ కార్ల తయారీలో మిగిలిన చెక్క తుక్కుని బొగ్గు బిళ్ళలుగా చేయించాడు. 1952లో ఇల్లినాయి లోహపు పనివాడు జార్జ్ స్టీఫెన్, తన ఫ్యాక్టరీలో తయారయ్యే నీటి బోయా గోళంతో మూతున్న వెబర్ కుంపటి చేశాడు. మూత వచ్చింది, పొగ నిలిచింది, కాపలా తగ్గింది.

నన్ను కాసేపు ఆపేసింది ఇక్కడే. ఆ కుంపట్లు పెట్టుకున్న పెరళ్ళు ఎవరివి? మా ఊరి బిల్డర్ జె.సి. నికల్స్ కట్టిన కాలనీల దస్తావేజుల్లో నల్లవాళ్ళకి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అని రాసుకున్నారు. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని సుప్రీం కోర్టు 1948లోనే అంది, అయినా వివక్షని నిషేధిస్తూ గృహ చట్టం రావడానికి 1968 పట్టింది. అంతవరకూ పెర్రీ శిష్యుల వంట మాత్రమే ఆ పెరళ్ళలోకి రాగలిగింది, వాళ్ళు రాలేకపోయారు. ఇవాళ ఇదే శివార్లలో మనవాళ్ళు దర్జాగా ఇళ్ళు కొనుక్కుంటున్నారంటే దాని వెనక ఆ చట్టమూ ఉంది. 2020లో ఊళ్ళోని పెద్ద ఫౌంటెన్‌కి నికల్స్ పేరు తీసేశారు.

అన్నట్టు, 3-2-1 మీద నా అభిప్రాయం: అది హార్డ్‌కోడ్ చేసిన విలువ. సన్నటి బేబీ బ్యాక్ ముక్కలకి ఆరు గంటలు మరీ ఎక్కువ. ఎముక నుంచి మాంసం దానంతటదే రాలిపోతే పోటీల జడ్జీలు మార్కులు కోస్తారు. కొరికిన చోట మాత్రమే ఊడాలి. పట్టకారుతో ఒక చివర పట్టి ఎత్తండి. వంగి, పైన పగులు కనిపిస్తే అయినట్టే. గడియారం ఏమన్నా సరే :)